సొరుగులో పాళీలు

క్లే లేన్ బడి పెద్దలారా, ఎడంచేతి పాళీలు మీ దగ్గర ఉన్నాయి. హెడ్మాస్టరు బల్ల సొరుగులో, అట్టపెట్టెలో, కట్టిన దారం కట్టినట్టే ఉన్నాయి. పై ఆఫీసువాళ్ళు పంపారు, మీరు పుచ్చుకున్నారు, పిల్లలకి ఇవ్వలేదు. లేవని అబద్ధమాడారా అంటే అదీ లేదు. ఉన్నాయని చెప్పలేదు, అంతే. నోరు మూసుకుని అబద్ధమాడటం చదువుకున్నవాళ్ళకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. మీ గోడల మీద ముత్యాల్లాంటి అక్షరాలున్నాయని ఊరంతా చెప్పుకుంటోంది కదా. ఆ గోడ మీద లేని కాగితం సంగతి ముందు వినండి.

ఎనిడ్ బ్లూర్ పింగాణీ కార్ఖానాలో పళ్ళేలకు అంచు గీతలు గీసేది. తిరిగే చక్రం మీద పళ్ళెం పెట్టి, కుంచె కొసను అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి చక్రం తిప్పితే బంగారు గీత చుట్టూ తిరిగివచ్చి మొదలుపెట్టిన చోటే కలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఆ పళ్ళెం రెండో రకంలోకి పోతుంది. ఎనిడ్ గీత కలిసేది. ఎడంచేత్తో గీసేది. ఏ చేత్తో గీశావని కార్ఖానాలో ఎవరూ అడగరు, గీత వంకరపోకపోతే చాలు. ఎడంచేతివాటం ఆడవాళ్ళని బల్లకి ఎడమ కొసన కూర్చోబెట్టేవారు, పక్కవాళ్ళ మోచేతులు తగలకుండా. ఆ ఊళ్ళో ఎడమచెయ్యంటే కాకిచెయ్యి, అందుకని ఆ కొసని అందరూ కాకుల మూల అనేవారు. అనడం నవ్వుతూనే అనేవారు, ఎందుకంటే అందరికంటే మంచి అంచులు ఆ మూలనుంచే వచ్చేవి.

రాయడం మాత్రం కుడిచేత్తో. చిన్నప్పుడు ఇదే క్లే లేన్ బడిలో ఎడంచేతి కణుపుల మీద బద్దతో కొట్టి కొట్టి మార్చారు. కూడు పెట్టే చెయ్యి ఎడమది, సంతకం పెట్టే చెయ్యి కుడిది అయి కూర్చున్నాయి. ఆ కుడిచేతి రాత చూసి ఇన్సూరెన్సు మనిషి ఆమెకి చదువే రాదనుకుని, ప్రతి కాగితాన్నీ గట్టిగా, నిదానంగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు చదివి వినిపించేవాడు. ఎనిడ్‌కి ఒళ్ళు మండేది. అయినా అతను చూపించిన చోట సంతకం పెట్టి పంపేసేది.

కూతురు బెరిల్‌కి తొమ్మిదేళ్ళు. తల్లి ఎడంచెయ్యే వచ్చింది. తల్లికి లేనిది ఇంకొకటి కూడా వచ్చింది: కథలు రాసే పిచ్చి. కప్పుల మీద పూల బొమ్మలు దించే అచ్చు కాగితాల్లో చెడిపోయినవి ఎనిడ్ ఇంటికి తెస్తే, వాటి వెనకాల పెన్సిలుతో రాసేది. పాలబండి గుర్రానికి కట్టుడు పళ్ళు పెట్టించిన కథ ఒకటి రాసింది. ఆ గుర్రం రాత్రిళ్ళు పళ్ళు గిన్నెలో వేసి పడుకుంటుంది, పొద్దున పాలతో పాటు ఎవరింటి గుమ్మంలోనో మర్చిపోతుంది. మధ్యాహ్నం టీ వేళ కాకుల మూలలో ఎనిడ్ ఆ కథ చదివితే, పక్కన కూర్చునే ఫ్లోరీ నవ్వు ఆపుకోలేక కుంచె కింద పడేసింది.

"ఏమే ఎనిడ్, ఈ పిల్ల నీ కడుపున ఎలా పుట్టిందే? నువ్వు షాపు చీటీ రాస్తేనే మాకు చదవడం రాదు కదా!"

"వాళ్ళ నాన్న పోలిక అనుకో."

"ఆర్నాల్డా? వాడు మాట్లాడితేనే ఒక వింత."

ఇలా ఉండేది. యుద్ధం నాటి రేషన్ ఎత్తేసి, ఆ పుస్తకాలు చింపి పొయ్యిలో పడేసిన రెండేళ్ళకి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పేరు లోవాట్. దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే పని తేలికయ్యేది. సిరాబుడ్డిలో ముంచి గీకే పాత కలాలన్నీ చెత్తలో పారేయించాడు. "మట్టి పిసికేవాళ్ళ పిల్లలైతే ఏం? వీళ్ళూ రాజుగారి లేఖరుల్లా రాయాలి" అన్నాడు. బడి మొత్తానికి ఇటాలిక్ అనే వాలు రాత మొదలుపెట్టాడు. దానికి కొన పలకగా కోసిన పాళీ కావాలి. కిందికి లాగితే లావు గీత, పైకి పోతే సన్న గీత, దానంతట అదే పడుతుంది. ప్రతి పిల్లా ఒక కలం తెచ్చుకోవాలి, చవకదే చాలు అన్నాడు. మాట మంచిదే. మంచి మాటతో మొదలైన అన్యాయాన్ని పట్టుకోవడం కష్టం, చేతికి దొరకదు.

శనివారం సంతలో కాగితాల దుకాణంలో ఎనిడ్ ఒకటి కొంది. ముదురు ఎరుపు రంగు, పక్కన సిరా పీల్చుకునే చిన్న మీట, తేలిక సరుకు. మూత బిగిస్తే కిర్రుమంటుంది. బెరిల్ ఎగిరి గంతేస్తుందనుకుంది. బెరిల్ దాన్ని చూసి, "నాకొద్దు" అని, టీపొడి డబ్బా వెనక పెట్టేసింది.

"అదేంటే, కలం కావాలని ఏడ్చేదానివి కదా?"

"బడిలో అరువిచ్చింది ఉంది. అది చాలు."

అంతకుముందే పిల్ల తీరు మారింది. గుర్రం కథ తరవాత ఇంకో కథ లేదు. అచ్చు కాగితాలు బీరువా కింద దుమ్ముపట్టాయి. మాట మధ్యలో ఆగి, నోట్లో రాయి ఉన్నట్టు తడబడటం మొదలైంది. పైగా ఎర్ర స్వెటరు ఎడంచేతి అంచున వారం వారం చిల్లులు. ఎనిడ్ అదే రంగు ఉన్ని వెతికి తెచ్చి రఫూ చేసేది, చేస్తూ తిట్టేది. "ఎక్కడ తగిలించుకుని వస్తున్నావే? మేకులకా? స్వెటర్లు చెట్లకి కాస్తాయనుకున్నావా?" బెరిల్ తల వంచుకుని ఊ అనేది.

ఒక శుక్రవారం బడినుంచి కబురు వచ్చింది. ఈస్టరు లోపల బెరిల్ రాత కుదురుకోకపోతే కింది తరగతిలో కూర్చోబెడతాం అని. కింది తరగతి అంటే ఊళ్ళో అందరికీ తెలుసు. పదకొండో ఏట రాసే పెద్ద పరీక్షకి ఆ తరగతి పిల్లల్ని కూర్చోనివ్వరు. పెద్ద పరీక్ష లేకపోతే పెద్ద బడి లేదు. పెద్ద బడి లేకపోతే కార్ఖానా గేటే. గుర్రానికి కట్టుడు పళ్ళు పెట్టించిన పిల్ల బతుకంతా అంచు గీతలు గీస్తుంది. అంచు గీతలు గీయడంలో తప్పేమీ లేదు, ఎనిడ్ గీస్తోంది. కానీ అది పిల్ల కోరుకుని చెయ్యాలి, పాళీ కుదరక కాదు.

టీలు తాగి, గిన్నెలు కడిగాక ఎనిడ్ టీపొడి డబ్బా వెనకనుంచి ఆ ఎర్ర కలం తీసింది. తనకి వస్తే పిల్లకి నేర్పొచ్చు కదా అనుకుంది. మీట ఎత్తి సిరా పీల్పించింది. మొట్టమొదట ఏం చేసిందంటే, పాళీని నాలుక మీద పెట్టి కొస తీసింది.

నవ్వకండి. కుంచె పట్టిన ఆడదానికి అది చెయ్యి చేసే పని, బుర్ర చేసేది కాదు. రంగులో సీసం ఉంది, నాలుక పెట్టకూడదు అని గోడకి బోర్డు పెట్టినా కార్ఖానాలో సగం మంది ఇప్పటికీ కుంచె కొస నాలుకతోనే సన్నగా తీస్తారు. నీలం సిరా నోరంతా పాకింది. మొగుడు ఆర్నాల్డ్ పేపరు పక్కకి దించి చూశాడు.

"కలం తినేదా?"

"నోర్ముయ్యి."

"అడిగానంతే. నాకేమైనా మిగుల్చుతావేమో అని."

మర్నాడు కార్ఖానాలో ఫ్లోరీ ఆ నాలుక చూసి బల్ల బల్లకీ చాటింపు వేసింది. "రండమ్మా రండి, ఎనిడ్ విద్వాంసురాలైంది! చదువు నాలుక దాకా వచ్చింది, ఇంకో వారానికి గొంతు దిగుతుంది!"

నాలుక సంగతి పోనివ్వండి. రాత సంగతి. మొదట కుడిచేత్తో పట్టుకుంది, అలవాటు ప్రకారం. అక్షరాలు చలికి వణికినట్టు వణికాయి. రేపు ఒక పాల సీసా ఎక్కువ వెయ్యమని చీటీ రాసి ఖాళీ సీసాలో గుచ్చింది. పొద్దున పాలవాడు తలుపు కొట్టాడు.

"ఏమ్మా, ఇది మీరు రాశారా, కోడి గెలికిందా? వద్దన్నారా, కావాలన్నారా?"

సాయంత్రం ఎడంచేతికి మార్చింది. ఎడంచేతిలో కలం పెట్టగానే చెయ్యి కుదురుకుంది. పాళీ మాత్రం కుదరలేదు. కుడిచేతివాళ్ళు పాళీని లాక్కుంటూ పోతారు, ఎడంచేతివాళ్ళు నెట్టుకుంటూ పోవాలి. పలక పాళీని నెడితే అది కాగితాన్ని కొరుకుతుంది, కొరికి సిరా చిమ్ముతుంది. లావు రావాల్సిన చోట సన్నం, సన్నం రావాల్సిన చోట లావు. మేజా గుడ్డ నిండా నీలం చుక్కలు. ఎనిడ్ కలం విసిరికొట్టబోయి ఆగింది. కలానికి ఏం తెలుసు పాపం. కోసినవాడు కుడిచేతివాడు, అంతే.

సంతకి వెళ్ళి దుకాణాదారుని అడిగింది. "ఎడంచేతికి వేరే పాళీ ఉంటుందా?"

"ఎందుకుండదమ్మా, కొన అటువైపు ఏటవాలుగా కోసింది ఉంటుంది. ధర కూడా ఇంతే. నేను తెప్పించను, అడిగేవాళ్ళు లేరు. బళ్ళకైతే పై ఆఫీసునుంచి వస్తాయని విన్నాను."

బడికి వచ్చుంటే బెరిల్‌కి ఇచ్చేవాళ్ళే కదా, రాలేదేమో అనుకుంది ఎనిడ్. జనం మనసు అలాంటిది. పెద్దవాళ్ళు ఇవ్వలేదంటే వాళ్ళ దగ్గర లేదనుకుంటుంది.

దారి చక్రం దగ్గర దొరికింది. పనిలో చేరిన కొత్తలో ఎవరికైనా మొదట చెప్పే మాట ఒకటే: చెయ్యి తిప్పకు, పళ్ళెం తిప్పు. మధ్యాహ్నం సాసరు తిప్పుతూ తిప్పుతూ ఎనిడ్ ఆగిపోయింది. ఆ సాయంత్రం కాగితాన్ని పళ్ళెం అనుకుని తిప్పింది. కొంచెం తిప్పింది, ఇంకొంచెం తిప్పింది. చివరికి కాగితం పూర్తిగా అడ్డం తిరిగి, రాసే వరసలు తన కడుపువైపు దిగేలా అయ్యేసరికి పాళీ కొరకడం మానేసింది. ఇప్పుడు నెట్టడం లేదు, లాగుతోంది. లావు చోట లావు, సన్నం చోట సన్నం. తల పక్కకి వంచి చదువుకుంది. తన పేరు. తన చేత్తో. చిన్నప్పుడు కొట్టి పడుకోబెట్టిన చేత్తో.

ఆర్నాల్డ్ వచ్చి వెనక నిలబడ్డాడు. "అక్షరాల్ని పడుకోబెట్టావేం? ఒంట్లో బాలేదా?"

"లేపి చూడు."

కాగితం నిలువుగా తిప్పి చూశాడు. దాన్ని టీపొడి డబ్బాకి ఆనించి నిలబెట్టాడు.

ఆ తరవాత ఇంట్లో రాయాల్సినవన్నీ ఆ ఎర్ర కలంతోనే. పాల చీటీ, బొగ్గులవాడికి చీటీ, ఆదివారం కిటికీలోంచి ఓట్సు అట్లు అమ్మే మిసెస్ టామ్స్‌కి ముందురోజు ఇచ్చే చీటీ. చవక కలం చవక గుణాలు చూపించింది. ఎండపొడకి పెడితే కక్కేది, రెండు రోజులు ముట్టుకోకపోతే అలిగి ఎండిపోయేది, పల్చటి కాగితం మీద రాస్తే వెనక్కి దిగేది. రోజూ రాస్తే మాత్రం రోజూ పలికేది. ఖరీదు కలం కాదు కాబట్టి భయం లేదు, వంటింట్లో ఉల్లిపాయల పక్కనే పడుండేది. జామ్ జాడీలకి కూడా పేర్లు రాసి అంటించింది.

"పైన చూస్తే రాణిగారు పంపినట్టుంది," అన్నాడు ఆర్నాల్డ్. "లోపల మాత్రం నీ జామే."

బెరిల్ ఇదంతా మెట్లమీద కూర్చుని చూసేది. ఒకరోజు ఎనిడ్ పిలిచింది. "రావే, కాగితం ఇలా తిప్పు. భలే వస్తుంది. ఏదీ నీ చెయ్యి?"

బెరిల్ కుడిచెయ్యి చాపి, ఎడంచెయ్యి వీపు వెనక దాచుకుంది.

"ఆ చెయ్యి కాదే, నీ చెయ్యి."

"ఆ చె... చెయ్యి వద్దమ్మా. అది నా మాట వినదు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

ఎనిడ్ ఆ రోజుకి కలం మూత పెట్టేసింది. అప్పుడే బడినుంచి పిలుపు వచ్చింది, తల్లిదండ్రులు సాయంత్రం వచ్చి పిల్లల రాత చూడాలని. వస్తానని ఎనిడ్ జవాబు రాసింది. మంచి కాగితం తీసి, అడ్డం తిప్పి, తన చేత్తో రాసింది. వస్తాను, బెరిల్ కష్టపడుతోంది, కాస్త ఓపిక పట్టండి అని. హెడ్మాస్టరు తనని కూడా చదువురానిది అనుకోకూడదని ఒక పంతం. పంతం ఉంటే తప్పేంటి?

ఆ సాయంత్రం ఆర్నాల్డ్‌కి కార్ఖానాలో కప్పులు కాల్చే ఆవం దగ్గర పని. ఎనిడ్ ఒక్కతే వెళ్ళింది. బడి హాలంతా తల్లులు, ఒకరిద్దరు తండ్రులు, తడి కోట్ల వాసన. గోడలనిండా కాగితాలు. నిజం చెప్పాలి, అందంగా ఉన్నాయి. ఒకే ఎత్తు, ఒకే వాలు. మనవడి రాత చూడటానికి వచ్చిన ఫ్లోరీ కళ్ళు తుడుచుకుంటోంది. "మా వాడు ముక్కు తుడుచుకోవడం రానివాడే! చూడవే, ఎలా రాశాడో!"

లోవాట్ దూరంనుంచే చూసి ఎదురొచ్చాడు. "మిసెస్ బ్లూర్! మీకోసమే చూస్తున్నాను. రండి, రండి."

హాలుకి సరిగ్గా నడిమధ్య, చుట్టూ బంగారు కాగితం అంచుతో, ఎనిడ్ రాసిన జవాబు ఉంది.

"ఇంట్లో మీరే నేర్చుకున్నారని మీ పాప చెప్పింది. పిల్లలకి రోజూ చూపిస్తున్నానండీ. చూడండర్రా, కార్ఖానాలో పని చేసే ఒక తల్లి, చవక కలంతో, ఇంటిదగ్గర తనంతట తాను నేర్చుకుంది. మనసు పెడితే కుడిచెయ్యి దేనికైనా లొంగుతుంది అని."

ఎనిడ్ మొహం వేడెక్కింది. సంతోషమే, ఎందుకు దాచాలి? బతుకులో మొదటిసారి ఆమె రాతని ఒకరు గోడకెక్కించారు. అయితే ఆ చివరి మాట దగ్గర సంతోషం కాలు తట్టుకుంది.

"మా బెరిల్ కాగితం ఏది సార్?"

"అది ఇంకా గోడకెక్కే దశకి రాలేదండీ. లోపల తరగతిలో రాస్తోంది, చూడండి. ప్రయత్నం చేస్తోంది, కాదనను."

తరగతి గదిలో పిల్లలు తల్లిదండ్రుల ముందు రాసి చూపిస్తున్నారు. బెరిల్ వెనక వరసలో ఉంది. కాగితం నాలుగు మూలలా చిన్న మొలలతో చెక్క పలకకి గుచ్చి ఉంది, ఇటూ అటూ కదలకుండా. కుడిచేత్తో కలం పట్టుకుని చెమటలు కక్కుతోంది. ఎడంచెయ్యి ఒళ్ళో ఉంది. ఎనిడ్ వంగి బుగ్గ నిమరబోయి చూసింది.

ఎర్ర స్వెటరు ఎడంచేతి అంచుని పావడాకి పిన్నీసుతో గుచ్చారు.

"ఇదేంటే?"

"ఏం లేదమ్మా. రా... రాస్తున్నంతసేపే. అయిపోగానే సారే తీసేస్తారు."

"స్వెటరు చిల్లులు... మేకుకి తగిలిందన్నావు?"

"నువ్వే మేకుకి తగిలిందా అన్నావు. నేను ఊ అన్నాను."

వారం వారం కూర్చుని, ఉన్ని రంగు కలిపి, తిడుతూ తిడుతూ పూడ్చిన చిల్లులు అవి. ఎనిడ్ మోకాళ్ళ మీద కూలబడి పిన్నీసు తీసింది. తీసేటప్పుడు పిల్ల ఆ చెయ్యి కదపలేదు, చెక్కదానిలా అలాగే ఉంచింది. అదే ఎక్కువ మండించింది.

హాల్లోకి వచ్చేసరికి పిన్నీసు అరచేతిలో ఉంది, ఇంకో చేత్తో బెరిల్‌ని పట్టుకుంది.

"ఇది మీదేనా సార్?"

లోవాట్ చూశాడు. సిగ్గుపడలేదు. ఆ మనిషి తను దయగలవాడినని నమ్మాడు, అందుకే సిగ్గు రాలేదు. "అది చిన్న సాయం అండీ. ఆ చెయ్యి మాటిమాటికీ పైకొస్తుంది, పాపకి అడ్డం పడుతుంది. మీ రోజుల్లో అయితే బద్దతో కొట్టేవారు. నేను పిల్లల మీద చెయ్యి ఎత్తను."

"ఎత్తరు. కట్టేస్తారు."

"అమ్మా, కొంచెం మెల్లగా..."

"ఎడంచేతికి పాళీ ఉంటుందట కదా. అది బడికి రాలేదా?"

"రాకేం, ఉంది!" అని లోవాట్ ఉత్సాహంగా అన్నాడు. ఆ ఉత్సాహం చూడండి. తన గది తలుపు తీసి, సొరుగు లాగి, అట్టపెట్టె తెచ్చి చూపించాడు, తనకి తెలియనిది ఏదీ లేదని నిరూపించడానికి. దారం ముడి మీద పై ఆఫీసు లక్కముద్ర ఇంకా పగల్లేదు. "వచ్చి ఏడాదవుతోంది. కావాలనే ఇవ్వడం లేదు. ఇస్తే ఆ అలవాటు అక్కడే స్థిరపడిపోతుంది. రేపు పెద్దయ్యాక ఆఫీసుల్లో, పరీక్షల్లో నవ్వులపాలవుతుంది. ఈ బల్లలు, ఈ వెలుతురు, అంతా కుడిచేతివాళ్ళ కోసమే ఉంది. లోకం తీరుకి పిల్లని తయారుచెయ్యడమే చదువు. మీరే చూడండి, మీ రాత! కుడిచెయ్యి అంత చక్కగా..."

"అది ఈ చెయ్యి," అంది ఎనిడ్.

ఎడంచెయ్యి ఎత్తి చూపించింది. గోళ్ళ కింద బంగారు రంగు, చూపుడువేలి మీద నీలం సిరా. తల్లులందరూ ఆ చేతివైపు తిరిగారు. వాళ్ళలోంచి ఫ్లోరీ అందుకుంది. "మరి! కాకుల మూల మహారాణి. కుడిచేత్తో అది గిన్నె కూడా సరిగా తోమలేదు, సార్."

లోవాట్ గోడ వైపు చూశాడు, చేతి వైపు చూశాడు. ఒక్క క్షణం ఆ మొహంలో మనిషి కనిపించాడు, ఓడిపోయిన మనిషి. అక్కడే ఆగుంటే ఎనిడ్ కూడా ఆగేది. ఆగలేదు. చదువు వెంటనే వచ్చి ఆదుకుంది.

"అలాగైతే... మీరు ప్రత్యేకం అన్నమాట. ఇంకో సంగతి కూడా గమనించండి. మామూలు పాళీతోనే ఇంత బాగా రాశారంటే, ఎడంచేతి పాళీ అవసరమే లేదని తేలింది కదా?"

ఇదీ మీ తెలివి, పెద్దలారా. ఆవిడ గుంటలోంచి గోళ్ళతో పైకి ఎక్కొస్తే, చూశారా నిచ్చెన అక్కర్లేదు అంటారు. నిచ్చెన మీ వెనకాలే గోడకి ఆనించి ఉంటుంది.

ఎనిడ్ బల్ల మీదనుంచి ఒక కాగితం తీసుకుని అడ్డంగా పెట్టింది. "ఇలా పెట్టి రాశాను. మెడ విరిగేలా తల వంచుకుని. ఎందుకంటే ఆ పాళీ నాకు దొరకలేదు. మా పిల్ల ఇలా పెడదామన్నా మీరు కాగితానికి మూలమూలా మొలలు కొట్టారు. చేతికి పిన్నీసు కొట్టారు. ఇంక ఏం మిగిలింది దానికి? నోరు. అది కూడా తడబడుతోంది ఇప్పుడు. కథలు రాసేది సార్ ఇది. గుర్రానికి పళ్ళు పెట్టించింది. మీరు ఈ బడికొచ్చాక ఒక్క కథ లేదు."

"నాకు కథల సంగతి తెలియదు..."

"అడగలేదు కాబట్టి తెలియదు. అందమైన అక్షరాలు కావాలన్నారు, ఆ అక్షరాలతో ఏం రాస్తారని అడిగారా?"

వెనకనుంచి ఇంకో తల్లి ముందుకొచ్చింది. తన కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుని వెలుతురులో చూస్తోంది. చిల్లులు. ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. హాల్లో ఒక్కొక్కరూ తమ పిల్లల చేతి అంచులు చూడటం మొదలుపెట్టారు.

"మిసెస్ బ్లూర్, ఇది బడి కమిటీలో చర్చించాల్సిన విషయం," అన్నాడు లోవాట్. "వచ్చే నెల సమావేశంలో నేనే స్వయంగా ప్రస్తావిస్తాను. దయచేసి..."

ఎనిడ్ గోడ దగ్గరికి నడిచి, బంగారు అంచు కాగితంలోంచి తన జవాబు పీకేసింది. చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుంది.

"వచ్చే నెలకి మా పిల్ల కింది తరగతిలో ఉంటుంది. ఇప్పుడే వినండి. కింది తరగతి మాట వెనక్కి తీసుకోండి, ఇంతమంది ముందు. బెరిల్ ఒక్కదాని కోసమే కాదు, ఈ బడిలో ఎడంచేతి పిల్లలు ఎంతమంది ఉంటే అంతమంది పెద్ద పరీక్షకి కూర్చుంటారు, వాళ్ళ చేత్తో రాస్తారు. కాగితానికి మొలలు తీసెయ్యండి, ఎవరికి ఎటు కావాలంటే అటు తిప్పుకుంటారు. పిన్నీసులన్నీ తెచ్చి నాకివ్వండి, లెక్క నాకక్కర్లేదు, ఒక్కటి మిగలకూడదు. సోమవారం పొద్దున నేను వచ్చి ఆ వెనక బెంచీలో కూర్చుంటాను. నా చక్రం తిరగకపోతే తిరగదు."

"నేనూ వస్తా," అంది ఫ్లోరీ. "ఆ చిన్న బెంచీలో నేను పట్టను, అయినా వస్తా. విరిగితే బడిదే బాధ్యత."

ఎవరో నవ్వారు. లోవాట్ నవ్వలేదు, ఎనిడ్ నవ్వలేదు. బెరిల్ తల్లి కోటు వెనకనుంచి ఆ అట్టపెట్టె వైపే చూస్తోంది. ఎడంచెయ్యి ఇప్పుడు వీపు వెనక లేదు. వేళ్ళు కొంచెం తెరుచుకుని, గాల్లో, ఏదో పట్టుకోబోతున్నట్టు ఉన్నాయి.

ఎనిడ్ అది చూసింది. పెట్టెని లోవాట్ ముందుకి జరిపింది.

"కమిటీ ఎప్పుడైనా కూర్చోనివ్వండి. ముందు ఆ దారం తెంపండి. పిల్ల చేతిలో పాళీ పెట్టండి. ఇప్పుడే, మా కళ్ళముందు. ఆ ఎడంచేతిలో, కుడిచేతిలో కాదు. తెంపండి."